చీకట్లో మోగే మూల

శ్రీవారికి మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. ఇల్లు క్షేమం, గోడలు క్షేమం, మీరు బాగుచేసేశానని చేతులు దులుపుకుని వెళ్ళిన వంటింటి కుళాయి తప్ప సామానంతా క్షేమం. అక్కడ మీరూ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నారని తలుస్తాను. మీ అమ్మగారి విషయమే ఏం రాయాలో తోచడం లేదు. పోయినవాళ్ళ క్షేమం ఎలా రాయాలో నాకెవరూ నేర్పలేదు. ఇదేం మాట అని కంగారుపడకండి, ఉత్తరం సాంతం చదవండి. మధ్యలో లేచి టీకి వెళ్ళారో, నా మీద ఒట్టే.

కొండ తొలిచే పనిలోకి దిగాక పగలో రాత్రో తెలియడం లేదని రాశారు. సంతోషం. ఇన్నేళ్ళకి మొగుడూ పెళ్ళాం ఒక దారిలో పడ్డాం. సొరంగంలో తల జాగ్రత్త. ఆ ఇనప టోపీ బరువని పక్కన పెట్టేస్తారు మీరు, మీ సంగతి నాకు తెలుసు.

మీరడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఆఫీసు బాగానే ఉంది. కొత్తగా వచ్చిన మేనేజరు నాతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా గొంతు చించుకుంటున్నాడు. నిన్న కాక మొన్న ఇక ఊరుకోలేక, "సార్, నేను పొద్దస్తమానం టెలిఫోన్లు ఎత్తే మనిషిని. చెవులు బాగా లేకపోతే ఈ ఉద్యోగం ఇస్తారా?" అన్నాను. పక్క బల్ల అమ్మాయికి నవ్వాపుకోలేక దగ్గొచ్చింది. మోకాలి నొప్పి తగ్గింది. తిండి తింటున్నాను.

ఇక, "ఈలపిట్ట ఎలా పనిచేస్తోంది?" అని అడిగారు. అసలు కథంతా అక్కడే ఉంది.

దానికా పేరు పెట్టింది అత్తయ్యగారే. అగ్గిపెట్టంత యంత్రం, మెడలో తాడుకి వేలాడుతుంది, ముందు చిన్న కన్నం. ఆ కన్నంలో వెలుతురు పడితే నా చెవిలో ఈల మోగుతుంది. వెలుతురు పెరిగితే ఈల పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది, చీకటైతే మాట్లాడదు. కొనిచ్చిన మీకు ఇదంతా చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కానీ మీకు తెలియని సంగతి ఒకటుంది. పుట్టిన దగ్గర్నుంచి వెలుతురు ముఖమెరగని నాకు ఇప్పుడు ఏ వెలుతురు ఏదో తెలుస్తుంది. కరెంటు దీపం ఈలలో గరగర ఉంటుంది, గొంతులో కఫం అడ్డుపడ్డట్టు. ఎండ ఈల నున్నగా ఉంటుంది. శిక్షణ కేంద్రంలో మొదటి పాఠమే అది. అక్కడ మాకు నేర్పే ఆయన చుట్టూ ఎప్పుడూ ఈ యంత్రాలు కీచుకీచుమంటుంటాయని ఆయన్ని కీచురాయి మాస్టారు అంటాం. ఆయన కూడా ఆ పేరుకే పలుకుతాడు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే నేను లైటు వెయ్యను. ఎవరికోసం వెయ్యాలి? అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ కోసం వేసేదాన్ని. ఆవిడ పోయారు, మీరు పనిలోకి వెళ్ళిపోయారు, ఇంక ఈ ఇంట్లో దీపంతో పనున్నవాళ్ళు ఎవరున్నారు?

మీరు వెళ్ళిన కొత్తల్లోనే ఒక సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చి అత్తయ్యగారి గదిలో మంచం మీద ఉతికిన బట్టలు పోసుకుని మడతలు పెడుతున్నాను. కిటికీ మూసే ఉంది. పొద్దుగూకింది. ఈలపిట్ట నోరు మూసుకుంది. దుప్పటి కొసలు కలుపుతూ కాస్త పక్కకి తిరిగాను, చెవిలో ఈల. సన్నగా, ఎత్తుగా, నున్నగా.

నున్నగా! పొద్దుపోయాక నాలుగు గోడల మధ్య ఎండ ఎక్కడిదండీ?

యంత్రం పాడైందనుకున్నాను. కన్నం మీద వేలు పెడితే ఆగింది. తీస్తే మోగింది. మెల్లగా అటూ ఇటూ తిరిగి చూశాను. గది అంతా మౌనం, ఒక్క మూల తప్ప. మీరు వెళ్ళేముందు రోజు స్టూలు వేసుకుని పై అరలో అత్తయ్యగారి ఫోటో పెట్టారు చూడండి, సరిగ్గా ఆ చోటు.

అంతలో ఎదురింటి దర్జీ వదిన తలుపు తోసుకుని వచ్చింది. "ఏంటి వదినా, చీకట్లో దెయ్యంలా!" అంటూ స్విచ్ వేసింది. గదంతా గరగరమని మోగింది. గుప్పిట గొట్టంలా చుట్టి కన్నానికి ఆనించి ఆ మూలకి గురిపెట్టాను. మామూలు గరగరే. ఇందాకటి నునుపు లేదు.

"ఆ పైన ఏముంది వదినా?" అని అడిగాను.

"ఏముంటుంది? పెద్దమ్మ ఫోటో," అంది. ఆ మాటకి ముందు కాస్త తటపటాయించింది.

"ఏమైనా వెలుగుతోందా?" అన్నాను.

"ఫోటో వెలగడమేంటి, నీ మొహం! ఒంటరిగా ఉండి ఉండి బుర్ర తిరుగుతోంది నీకు," అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఫోటో దుమ్ము దులిపి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక లైటు ఆర్పాను. అదే చోట కూర్చున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ మూల నుంచి "టక్" మని చిన్న చప్పుడు. ఆ వెంటనే ఈల.

మీ అమ్మగారు ఏదైనా చెప్పబోయే ముందు నాలుకతో టక్కుమనిపించేవారు, గుర్తుందిగా? "టక్, పొయ్యి కట్టేశావా?" "టక్, వాడు ఫోన్ చేశాడా?" ఆ చప్పుడు విన్నాక నేను ఆ గదిలో ఎలా లేచానో, హాల్లోకి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆ వారమంతా హాల్లోనే పడుకున్నాను. మీకు రాయలేదు. రాస్తే "భయపడకు, చాదస్తం" అని రెండు ముక్కలు రాసి పారేస్తారు.

కానీ ఎన్నాళ్ళు భయపడతాం చెప్పండి? బట్టలు ఆ గదిలో, బీరువా ఆ గదిలో. మళ్ళీ వెళ్ళాను. లైటు వేసి ఉంటే ఏమీ లేదు. ఆర్పితే టక్, ఈల. కళ్ళున్నవాళ్ళు ఉంటే రాదు. నేనొక్కదాన్నే చీకట్లో ఉంటే వస్తుంది. ఇంకో సంగతి కనిపెట్టాను. నేను బీరువా దగ్గరికి నడిస్తే ఈల తగ్గేది, ఒక ఊపిరి పీల్చేలోపు మళ్ళీ పెరిగేది. తలుపు దగ్గరికి వెళ్తే అక్కడా అంతే. తగ్గడం, సన్నగా కిర్రుమనడం, మళ్ళీ పెరగడం. అది నావైపు తిరుగుతోందండీ. నేను ఎటు వెళ్తే అటు తల తిప్పుతోంది.

"నీ వెనకాలే నా కళ్ళుంటాయే అమ్మాయ్," అనేవారు అత్తయ్యగారు, మంచం పట్టాక. నేను వేడి గిన్నె పట్టుకుని వస్తుంటే గడప దాకా ఆవిడ చూపు నాతో వచ్చేదట. అది తలచుకుని, నిలబడ్డ చోటే ధైర్యం కూడగట్టుకుని, "అత్తయ్యా, మీరేనా?" అని ముందుకి ఒక అడుగు వేశాను. ఈల పెరిగింది.

నవ్వండి. నేనూ నవ్వుకున్నాను, ఏడ్చాక.

ఆ తర్వాత నాకు భయం పోయింది. భయం పోవడమే అసలు భయపడాల్సిన విషయమని ఇప్పుడనిపిస్తోంది. ఆఫీసు వదలగానే పరుగు పరుగున ఇంటికి వచ్చేదాన్ని. సెలవు రోజున పగలు కూడా కిటికీ తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి గది చీకటి చేసేదాన్ని. దర్జీ వదిన వస్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేదాన్ని, లోపలికి వచ్చి లైటు వేస్తే అత్తయ్యగారు వెళ్ళిపోతారని. "ఏంటి వదినా, ఇంట్లో ఏదో దాస్తున్నావు," అని నవ్వేది వదిన. అత్తయ్యగారికి అన్నీ చెప్పేదాన్ని. మేనేజరు అరుపులు, సంతలో కూరగాయల ధరలు, మీ గురక లేక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో, ఆ ప్రశాంతత ఎంత విసుగ్గా ఉందో. ఆవిడ బతికుండగా కూడా అంత మాట్లాడి ఉండను.

ఒక సాయంత్రం, ఇంకెవరితోనూ అనకూడదనుకున్న మాట కూడా అడిగేశాను.

మీ అమ్మగారు నిద్రలోనే పోయారు, ఏమీ బాధపడలేదు అని మీకు చెప్పాను కదా. అలా జరగలేదు. మధ్యాహ్నం నుంచి మిమ్మల్నే పిలిచారు. "వాడొచ్చాడా? చెప్పుల చప్పుడైంది, వాడేనా?" ఇదే మాట. మీరు దారిలో ఉన్నారు, కొండదారి మూసేశారని కబురు వచ్చింది. ఆవిడ చూపు అప్పటికే మసకబారిపోయింది. నాకేం తోచిందో తోచింది. మీ చొక్కా తొడుక్కున్నాను. మీ నడక నాకు కంఠతా వచ్చు కదా, మడమ బరువుగా వేసి ఈడుస్తారు, అలాగే నడిచి గదిలోకి వెళ్ళాను. ఏం మాట్లాడకుండా మంచం పక్కన కూర్చుని చెయ్యి ఇచ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఎంతసేపురా నాయనా," అన్నారు. ఇంక పిలవలేదు. కాసేపటికి పోయారు.

"ఆ రోజు చొక్కా మార్చుకుని వచ్చి పక్కన కూర్చుంటే, మీరు నన్ను నిజంగా మీ అబ్బాయే అనుకున్నారా అత్తయ్యా, లేక నా మనసు కష్టపెట్టకూడదని అనుకున్నట్టు నటించారా?" ఇదీ నేను ఆ మూలని అడిగింది. ఈల కదలకుండా మోగుతూనే ఉంది. నేను ఏడ్చినంతసేపూ నామీద నుంచి తప్పుకోలేదు.

అది జరిగాక మీ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పెళ్ళి కుదిరినప్పుడు మీరు పట్టుబట్టి, నేను వేళ్ళతో తడిమి చదివే చుక్కల రాత నేర్చుకున్నారు. నా ఉత్తరం ఇంకొకరు చదివి వినిపించడం మీకు నచ్చలేదు. "మన మధ్య మూడోవాళ్ళ కళ్ళు వద్దు," అన్నారు. ఆ ఒక్క మాటకే కదండీ నేను మీకు పడిపోయింది! మీ చుక్కలు ఎప్పుడూ సమంగా ఉంటాయి. ఆ ఉత్తరంలో మాత్రం కాగితం చిల్లులు పడేలా పొడిచారు. ఉన్నది నాలుగు ముక్కలు, ఆరోగ్యం జాగ్రత్త అని. అలసిపోయి రాశారనుకున్నాను.

పోయిన నెల శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. కీచురాయి మాస్టారు ఆ రోజు మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు. "గదిలో లైట్లు ఆర్పేశాను. ఎవరికి ఏం వినిపిస్తోంది?" అన్నాడు. ఒక్కసారిగా మా అందరి చెవుల్లో ట్ర్ ట్ర్ ట్ర్ అని మోగింది. ఆయన పకపకా నవ్వి, "టీవీ రిమోట్! ఇందులోంచి వచ్చే వెలుతురు కళ్ళున్నవాళ్ళకి కనపడదు. మన యంత్రానికి మాత్రం వినపడుతుంది. చీకట్లో చూసే కెమెరాలు కూడా లైటు ఆరగానే టక్కుమని మారి ఇలాంటి వెలుతురే చల్లుతాయి, అక్కడైతే ట్ర్ ట్ర్ ఉండదు, ఎండలాగా నున్నగా ఉంటుంది. విని ఎండ వచ్చిందని బట్టలు ఆరేసేరు!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ, కాకూడదు, కాకూడదు అనుకుంటూ వచ్చాను. దెయ్యమే అయితే బాగుండునని కోరుకున్న ఆడది ఈ లోకంలో నేనొక్కదాన్నేనేమో.

దుమ్ము తుడుస్తున్నట్టు చేతిలో గుడ్డ పట్టుకుని స్టూలెక్కాను. ఫోటో చట్రం తగిలింది. దాని వెనక, కొంచెం పక్కగా, నిమ్మకాయంత గుండ్రటి వస్తువు. వెచ్చగా ఉంది, మనిషి ఒంటిలా. గుడ్డతో పాటు వేళ్ళు దాని మీద ఆనించాను. నా వేళ్ళ కింద అది కిర్రుమని మెడ తిప్పింది. కిందపడకుండా స్టూలు ఎలా దిగానో ఆ భగవంతుడికే తెలియాలి.

కెమెరా అని తెలిసింది. చూస్తున్నదెవరో తెలియాలిగా. దర్జీ వదినా? తాళం తీసుకుని వచ్చిన దొంగా? మీరేనని అనుకోవడానికి మనసొప్పలేదు. అందుకని మర్నాడు సాయంత్రం, మామూలుగానే చీకట్లో కూర్చుని, ఆ మూలకి ఒక అబద్ధం చెప్పాను. "ఎడం మణికట్టు మీద వేడి నూనె పడింది అత్తయ్యా, బొబ్బలెక్కింది. దర్జీ వదినకి కూడా చెప్పలేదు. మీ అబ్బాయికి తెలిస్తే గోల చేస్తాడు." నాటకమన్నాక సరంజామా ఉండాలని ఒక గుడ్డ కూడా కట్టుకున్నాను.

ఇక మీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్నకి వస్తాను. "ఎడం చెయ్యి కాలిన చోట మానిందా? మందు రాస్తున్నావా?" అని అడిగారు.

నా చెయ్యి కాలలేదండీ.

ఆ వాక్యం మీద వేళ్ళు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. తర్వాత గుర్తొచ్చింది, ఆ చిల్లులు పడ్డ ఉత్తరం. తీసి మళ్ళీ తడిమాను. మీరు అలసిపోయి రాయలేదు. మీ అమ్మగారి ఆఖరి మధ్యాహ్నం సంగతి విని రాశారు. మీరు మోయలేరని నేను కడుపులో పెట్టుకున్న మాట. అక్కడ, ఆ డేరాలో, మట్టి కాళ్ళతో కూర్చుని, మీ చొక్కా సంగతి విన్నారన్నమాట. పక్కన ఎవరూ లేరు కదా అప్పుడు? ఒక్కరే ఉన్నారా? నాకు ఎంత కోపం వచ్చినా, మొదట వచ్చిన ఆలోచన మాత్రం అదే.

కోపం తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. దర్జీ వదినని పిలిచి అడిగాను. ఆవిడ ఏడ్చేసింది. "అన్నయ్యే పెట్టాడు వదినా. ఒక్కదానివే పొయ్యి దగ్గర తిరుగుతావు, పడిపోతే ఎవరు చూస్తారన్నాడు. నీకు చెబితే ఒప్పుకోవన్నాడు. కరెంటు పోయి వస్తే సరిచేసి పెట్టమన్నాడు. అందుకే దుమ్ము దులిపే వంకతో వచ్చేదాన్ని. నా నోరు కట్టేశాడు."

"ఆ రోజు ఏముందని అడిగితే ఫోటో అన్నావు," అన్నాను.

"ఫోటో ఉంది కదా వదినా," అంది.

ఉంది. అబద్ధం కాదు. కానీ ఒక్క మాట చెప్తాను, కోపంతో చెప్పడం లేదు. అక్కడ ఏముంది అని నేను అడిగితే కళ్ళున్నవాళ్ళు ఏం చెబితే అదే నాకు అక్కడ ఉన్నది. అందులో మీరంతా కలిసి ఒక్కటి తీసేస్తే, నేను ఎవరిని అడగాలి? పొయ్యి దగ్గర నాకేమవుతుందోనని మీ భయం. నాకు తెలుసు, ప్రేమే. నేను మీ దగ్గర దాచిందీ ప్రేమతోనే. కానీ నేను దాచినప్పుడు మీరు చీకట్లో ఒంటరిగా కూర్చుని గోడతో మాట్లాడలేదు. మీరు దాచినందుకు నేను మాట్లాడాను. మీరు విన్నారు. నేను "అత్తయ్యా" అని పిలుస్తుంటే అక్కడ ఉన్నది మీరని మీకు తెలుసు. ఒక్కరోజు కూడా ఫోన్ చేసి "అమ్మ కాదే పిచ్చిదానా, నేను" అనలేకపోయారు. అదే నాకు మింగుడుపడటం లేదు. ఆవిడ ఒకసారి పోయినప్పుడు తట్టుకున్నాను. ఆ బస్సులో రెండోసారి పోయారు, ఈసారి పక్కన చెయ్యి పట్టుకునేవాళ్ళు కూడా లేరు.

అది ఇంకా అక్కడే ఉంది. నేను ప్లగ్గు పీకలేదు. పీకడం చేతకాక కాదు. పెట్టింది మీరు, ఆపాల్సిందీ మీరే. మీ ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఆరిపోతుందట, దర్జీ వదిన చెప్పింది. ఈ ఉత్తరం అందాక నొక్కండి. రోజూ సాయంత్రం ఆ గదిలో లైటు వెయ్యకుండా, అటు ముఖం పెట్టి కూర్చుంటున్నాను. చూస్తూనే ఉండి ఉంటారు. ఎందుకలా కదలకుండా కూర్చుందా అని అనుకునే ఉంటారు. ఈల ఆగిన రోజు మీరు చదివారని తెలుసుకుంటాను. మీరు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతాను, తిడతాను, అమ్మగారి గురించి మీరు ఏం అడిగినా చెబుతాను, మొదటి నుంచి చివరిదాకా. ఆగకపోతే మాత్రం, నాకున్నది మొగుడు కాదు, కాపలావాడు అనుకుంటాను.

ఇంకొక్క సంగతి. మీరు ఆపేసిన తర్వాత కూడా ఆ మూల మోగిందనుకోండి, దాని గురించి నన్ను అడగొద్దు. అది మా అత్తాకోడళ్ళ మధ్య విషయం.

ఇట్లు,
ఇప్పటికింకా
మీ ఇల్లాలు